ఒక్క లేన్ మాత్రమే ఎందుకు చీలింది: రాజురా తాలూకాలో ఒక రోడ్డు, పొరల లెక్కతో కేస్ స్టడీ

రాజురా తాలూకా 1956 వరకు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. ఇప్పుడు మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఉంది. సరిహద్దు మారినా ఇక్కడి చాలా ఊళ్లలో ఇంటి మాట తెలుగే. చుట్టూ పత్తి చేలు, నల్లరేగడి, బొగ్గు గనులు. గడ్‌చాందూర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు. ఈ కేసులోని రోడ్డు ఆ తాలూకాలోని ఒక రెండు లేన్ల ఎండీఆర్ (మేజర్ డిస్ట్రిక్ట్ రోడ్, ప్రధాన జిల్లా రోడ్డు), 11 కిలోమీటర్లు. బొగ్గు లారీలు నిండుగా ఒక వైపు వెళ్లి, ఖాళీగా రెండో వైపు తిరిగొస్తాయి. కొత్తగా వేసిన మూడేళ్లకే దెబ్బతింది. కారణం తేల్చి కొత్త సెక్షన్ (ఏ పొర ఎంత మందం అన్న డిజైన్) ఇవ్వమని మా చేతికి వచ్చింది.

నడిచి చూస్తే మొదట కంటపడేది లేన్ల మధ్య తేడా. నిండు లారీలు వెళ్లే లేన్‌లో చక్రాల దారి పొడవునా మొసలి చర్మంలాంటి పగుళ్లు. కొన్ని ముక్కల్లో పగిలిన విస్తీర్ణం 20 శాతం దాటింది. పక్క లేన్‌లో చక్రాల దారి శుభ్రంగా ఉంది. అదే మట్టి, అదే కంకర, అదే తారు, అదే కాంట్రాక్టర్. రోడ్డు అంచుల వెంబడి మాత్రం రెండు వైపులా పొడవాటి పగుళ్లు ఉన్నాయి. ఇవి చక్రాల దారిలో లేవు. అంటే రోడ్డుకు రెండు జబ్బులున్నాయి. వీటిని కలిపి ఒకే మందు రాస్తే రెండూ నయం కావు.

ఊళ్లో అందరూ చెప్పిన కారణం ఒకటే: కాంట్రాక్టర్ తారు మిగుల్చుకున్నాడని. అందుకే ముందు అదే పరీక్షించాం. కోర్లు (రోడ్డులోంచి గుండ్రంగా కోసిన నమూనాలు) తీసి మందం కొలిచాం, బిటుమిన్ (తారు) శాతం తీయించాం. పైన రెండు తారు పొరలు, 40 మి.మీ. బీసీ, 80 మి.మీ. డీబీఎం. కింద రెండు కంకర పొరలు, 250 డబ్ల్యూఎంఎం, 200 జీఎస్‌బీ. డ్రాయింగ్‌లో ఉన్నది ఉన్నట్టే వేశారు. బిటుమిన్ కూడా అనుమతించిన తేడాలోనే ఉంది. ఈ మాట రిపోర్టు మొదటి పేజీలోనే రాశాం. చేయని తప్పు ఒకరి మీద ఉండిపోకూడదు. పైగా కారణం తప్పుగా తేలితే తర్వాత వేసే రోడ్డు కూడా ఇలాగే పోతుంది.

పొరల లెక్క ఏం అడుగుతుంది

నేల మీద బరువు పెడితే లోపల ఒత్తిడి ఎలా పరుచుకుంటుందో ఫ్రెంచ్ శాస్త్రవేత్త బుసినెస్క్ 1885లో లెక్క కట్టాడు. ఆయన లెక్కలో నేలంతా ఒకే పదార్థం. రోడ్డు అలా ఉండదు. 1943లో బర్మిస్టర్ రెండు పొరలకు, 1945లో మూడు పొరలకు పరిష్కారం ఇచ్చాడు. మన దేశంలో తారు రోడ్ల డిజైన్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ఇచ్చే మార్గదర్శి ఐఆర్‌సీ:37. అది మొదట 1970లో సీబీఆర్ (నేల ఎంత గట్టిదో చెప్పే పరీక్ష అంకె) చార్టులతో వచ్చింది. 2001 కూర్పుతో పొరల విశ్లేషణ దానికి ఆధారమైంది. ఇప్పుడు వాడుకలో ఉన్న 2018 కూర్పుకు ఈ పొరల లెక్క చేసే ఐఐటీపేవ్ సాఫ్ట్‌వేర్ తోడుగా ఉంది.

సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వాల్సినవి కొద్దే: ఒక్కో పొరకు మందం, మాడ్యులస్ (పొర ఎంత బిగువైనదో చెప్పే అంకె), పాయిసన్ నిష్పత్తి (నొక్కితే పక్కకు ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె). లోడు 80 కిలోన్యూటన్ల యాక్సిల్ (ఇరుసు)లో ఒక పక్క ఉండే జంట చక్రాలు. చక్రానికి 20 కిలోన్యూటన్లు, మధ్య దూరం 310 మి.మీ., టైరు ఒత్తిడి 0.56 ఎంపీఏ (మెగాపాస్కల్; మాడ్యులస్‌కూ ఇదే కొలత). బయటికి వచ్చే వాటిలో రెండింటిని చూస్తాం. తారు పొర అడుగున సాగుదల స్ట్రెయిన్ (అసలు పొడవులో ఎన్నో వంతు సాగిందో), సబ్‌గ్రేడ్ (రోడ్డు పొరల కింది నేల) నెత్తిన నలుగుడు స్ట్రెయిన్. మొదటిది పగుళ్లకు, రెండోది గుంతకట్టడానికి (చక్రాల దారి పొడవునా రోడ్డు కుంగడానికి). పగుళ్ల సూత్రంలో స్ట్రెయిన్ మీద ఉన్న ఘాతం 3.89. అంటే స్ట్రెయిన్ 10 శాతం పెరిగితే ఆయుష్షు 31 శాతం పోతుంది. గుంతల సూత్రంలో ఘాతం ఇంకా ఎక్కువ, 4.5337.

ఇక్కడ ఒక విషయం దగ్గర కాసేపు ఆగాలి. కంకర పొరకు సొంత మాడ్యులస్ అంటూ విడిగా ఉండదు. కింద ఉన్న నేల ఎంత గట్టిగా ఆనితే కంకర అంత గట్టిగా నిలుస్తుంది. ఐఆర్‌సీ సూత్రం కూడా అదే చెబుతుంది: కంకర మాడ్యులస్ = 0.2 × (మందం)^0.45 × కింది పొర మాడ్యులస్. సబ్‌గ్రేడ్ అంకె ఒక్కటి తప్పితే తప్పు అక్కడితో ఆగదు. కంకర అంకె కూడా అదే నిష్పత్తిలో తప్పుతుంది, ఆ రెండూ కలిసి తారు అడుగున స్ట్రెయిన్‌ను తప్పిస్తాయి. ఈ రోడ్డు విషయంలో జరిగింది సరిగ్గా ఇదే.

డీపీఆర్‌లో ఉన్న అంకెలు

పాత డీపీఆర్ (రోడ్డు వేసే ముందు తయారైన వివరమైన ప్రాజెక్టు రిపోర్టు)లో సబ్‌గ్రేడ్ సీబీఆర్ 10 అని ఉంది. అది 500 మి.మీ. మందాన తెచ్చి పోసిన మొరానిది. మొరం నిజంగా 10 ఇస్తుంది, మేం పరీక్షించినా అంతే వచ్చింది. కానీ మొరం కింద ఏముందో డీపీఆర్‌లో ఎక్కడా లేదు. సీబీఆర్ 10 అంటే మాడ్యులస్ 17.6 × 10^0.64, దాదాపు 77 ఎంపీఏ. దాని మీద 450 మి.మీ. కంకరకు 240 ఎంపీఏ. వీజీ 30 (చిక్కదనాన్ని బట్టి బిటుమిన్‌కు ఇచ్చే గ్రేడు) తారు మిశ్రమానికి 35 డిగ్రీల దగ్గర 2000 ఎంపీఏ. ఇలా వేస్తే తారు అడుగున సుమారు 317 మైక్రోస్ట్రెయిన్ (పది లక్షల్లో 317 వంతుల సాగుదల) వస్తుంది.

ట్రాఫిక్ విషయానికొస్తే, రోజుకు రెండు దిక్కులా కలిపి 900 కమర్షియల్ బండ్లు. యాక్సిల్ సర్వే చేయలేదు. ఐఆర్‌సీ పట్టిక ప్రకారం మైదాన ప్రాంతంలో 150 నుంచి 1500 బండ్ల మధ్య వీడీఎఫ్ 3.9. అంటే సగటున ఒక బండి చేసే నష్టం 3.9 స్టాండర్డ్ (80 కిలోన్యూటన్ల) యాక్సిళ్లతో సమానం. ఐదు శాతం పెరుగుదల, ఎండీఆర్ కాబట్టి 15 ఏళ్లు, లేన్‌కు సగం. మొత్తం 13.8 ఎంఎస్‌ఏ (మిలియన్, అంటే పది లక్షల, స్టాండర్డ్ యాక్సిళ్లు), సుమారు 14. అది 20 ఎంఎస్‌ఏ లోపే కాబట్టి 80 శాతం రిలయబిలిటీ (డిజైన్ నిలుస్తుందన్న భరోసా) చాలు. మిశ్రమంలో గాలి ఖాళీలు 4 శాతం, బిటుమిన్ ఘనపరిమాణం 11 శాతం అనుకుంటే అనుమతించే స్ట్రెయిన్ 329. వచ్చింది 317. పాస్.

కాగితం మీద ఎక్కడా కూడిక తప్పు లేదు. పై నుంచి వచ్చే బరువు, కింద నుంచి ఆనే నేల, ఈ రెండూ సైటు మీద కొలిచినవి కావు. అంతే.

గొయ్యి తవ్వితే

రోడ్డు అంచున టెస్ట్ పిట్లు తవ్వించాం. మొరం అడుగు దాటగానే నల్లరేగడి. పక్క చేను పెద్దాయన ఒకరు గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. "పెద్దయ్యా, ఎండాకాలంలో ఇక్కడ నేల ఎట్లుంటది?" అని అడిగితే, "చెయ్యి పెడితే మోచేతి దాక పోతది సారూ, గంత నెర్రె ఇస్తది. వానలు పడ్డంక మల్ల మూసుకుంటది. బండి దిగవడితే ఎడ్లు గుంజలేవు" అన్నాడు. నానబెట్టిన సీబీఆర్ 2 వచ్చింది. ఆయన చెప్పిన నెర్రెల సంగతి అంచుల్లోని పొడవాటి పగుళ్లకు వివరణ. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

గోతిలో ఇంకొకటి కనిపించింది. జీఎస్‌బీ పై భాగం కడిగినట్టు ఉంది, అడుగున 60, 70 మి.మీ. మేర మాత్రం నల్లటి బురద రాళ్ల సందుల్లోకి ఎక్కి ఉంది. గరిట పెట్టి తీస్తే రాయి విడిగా రాలేదు, ముద్దగా వచ్చింది. ఇది మొరం పలచబడిన చోట్ల ఎక్కువ. వానాకాలంలో లారీ పోయిన ప్రతిసారీ నీరు, మెత్తటి మట్టి కలిసి పైకి పంప్ అవుతాయి. అలా బురద పట్టిన జీఎస్‌బీని డిజైన్‌లో కంకరగా లెక్కపెట్టకూడదు. 450 ఉన్నచోట 380 అనే తీసుకున్నాం.

ఇప్పుడు అసలు సబ్‌గ్రేడ్ ఎంత? రెండు పొరల మట్టి ఉన్నప్పుడు ఐఆర్‌సీ చెప్పే పద్ధతి తేలికైనది. చాలామంది వదిలేస్తారు కానీ దానికి ఐఐటీపేవ్‌లో ఒక్క రన్ చాలు. 500 మి.మీ. మొరం 77 ఎంపీఏ, దాని కింద రేగడి 20 ఎంపీఏ. (సీబీఆర్ 5 వరకు మాడ్యులస్ దానికి పది రెట్లు.) పైన ఒకే చక్రం, 40 కిలోన్యూటన్లు, 0.56 ఎంపీఏ. చక్రం ఆనే వృత్తం వ్యాసార్థం 150.8 మి.మీ. ఉపరితలం ఎంత దిగుతుందో చూస్తే సుమారు 2.8 మి.మీ. వచ్చింది. అంతే దిగే ఒకే పొర నేల మాడ్యులస్ 2(1−μ²)pa/δ, అంటే 53 ఎంపీఏ. (μ పాయిసన్ నిష్పత్తి, p టైరు ఒత్తిడి, a వ్యాసార్థం, δ దిగిన లోతు.) సీబీఆర్‌లో చెప్పాలంటే 5.6కు దగ్గర. డీపీఆర్‌లోని 77 ఎక్కడ, ఈ 53 ఎక్కడ! దాంతో కంకర మాడ్యులస్ 240 నుంచి 166కు పడిపోతుంది.

దీన్ని సరిచూసుకోవడానికి ఎఫ్‌డబ్ల్యూడీ (ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్) పెట్టాం. పళ్లెం మీద బరువు పడగానే కొంత దూరం వరకు రోడ్డు ఎంత వంగిందో సెన్సర్లు చెబుతాయి. దగ్గరి సెన్సర్‌కు అన్ని పొరల ప్రభావమూ ఉంటుంది. మీటరు దాటిన సెన్సర్లకు మాత్రం దాదాపు నేల ఒక్కటే తెలుస్తుంది. ఈ పరీక్షకు ఉన్న ఐఆర్‌సీ:115 ప్రకారం, వంగిన లెక్క నుంచి వెనక్కి మాడ్యులస్ లెక్క కడితే సబ్‌గ్రేడ్ రెండు లేన్లలోనూ 45 నుంచి 60 మధ్యే తేలింది. 35 డిగ్రీలకు సవరించిన తారు మాడ్యులస్ ఖాళీ లేన్‌లో 1800కు అటూ ఇటూ, నిండు లేన్‌లో 700 నుంచి 900. నేల ఒకటే అయినప్పుడు ఈ తేడా బరువు వల్ల తప్ప ఇంకెలా వస్తుంది?

బరువు

యాక్సిల్ సర్వేను దిక్కు వారీగా విడగొట్టి చేయించాం. నిండు దిక్కులో వీడీఎఫ్ 6.5. ఖాళీ దిక్కులో 0.3. రెండింటి సగటు 3.4. సర్వే చేసి కూడా సగటు తీసుకుని ఉంటే, పట్టికలోని 3.9 ఇంకా ఎక్కువే, సేఫ్ సైడే అని తేలేది! ఇరు దిక్కుల్లో తేడా ఉంటే ఎక్కువ ఉన్న దిక్కునే డిజైన్‌కు తీసుకోమని ఐఆర్‌సీ చెప్పేది ఇందుకే.

అంతా ఓవర్‌లోడే అని కొట్టిపారేయడం కూడా సరికాదు. 2018లో కేంద్రం యాక్సిల్ పరిమితులు పెంచింది. జంట చక్రాల సింగిల్ యాక్సిల్ 10.2 టన్నుల నుంచి 11.5కు, టాండెం (ఒకదాని వెనక ఒకటి ఉండే యాక్సిళ్ల జత) 19 నుంచి 21కి, ముందు యాక్సిల్ 6 నుంచి 7కు వెళ్లాయి. నష్టం యాక్సిల్ బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుందనే లెక్క ప్రకారం పాత పరిమితిలో నిండిన రెండు యాక్సిళ్ల లారీ నష్టం 3.1 స్టాండర్డ్ యాక్సిళ్లు. కొత్త పరిమితిలో 5.2. చట్టానికి లోబడి నింపిన లారీ ఒక్కటే పట్టికలోని 3.9ని దాటేస్తుంది. పట్టికలో ఖాళీ బండ్లు, సగం నిండినవి అన్నీ కలిసి ఉంటాయి. గని నుంచి వచ్చే రోడ్డులో ఒక దిక్కున అన్నీ నిండినవే. ఓవర్‌లోడ్ అయితే సంగతి ఇంకా వేగంగా ముదురుతుంది. వెనక యాక్సిల్ మీద 13 టన్నులు పడితే ఆ ఒక్క యాక్సిలే ఆరున్నర స్టాండర్డ్ యాక్సిళ్లతో సమానం.

6.5తో 15 ఏళ్లకు 23 ఎంఎస్‌ఏ వస్తుంది. పెరిగింది ట్రాఫిక్ అంకె ఒక్కటే కాదు. 20 దాటింది కాబట్టి ఎండీఆర్ అయినా 90 శాతం రిలయబిలిటీ తీసుకోవాలి, వీజీ 30 బదులు వీజీ 40కి వెళ్లాలి.

ఇప్పుడు వేసిన రోడ్డునే అసలు అంకెలతో మళ్లీ నడిపాం. 53 ఎంపీఏ నేల, 166 ఎంపీఏ కంకర, 120 మి.మీ. తారు. స్ట్రెయిన్ 317 నుంచి 360కి పెరిగింది. బురద పట్టిన చోట్ల 370. 360 దగ్గర 80 శాతం రిలయబిలిటీతో ఆయుష్షు 9.8 ఎంఎస్‌ఏ, 90 శాతంతో 3.2. ఈ లేన్ మీద మొదటి ఏడాదే పది లక్షల పైన స్టాండర్డ్ యాక్సిళ్లు నడిచాయి, మూడేళ్లకు 3.4 ఎంఎస్‌ఏ. రోడ్డంతా ఒకేసారి కాకుండా బలహీనమైన ముక్కలు ముందు పగలడం 3.2, 9.8 అంకెల మధ్య ఉన్న దూరానికి సరిపోతుంది. గుంతకట్టే లెక్కలో మాత్రం ఈ సెక్షన్‌కు ఇబ్బంది లేదు. సైటు మీద కూడా పగుళ్లే తప్ప లోతైన గుంతలు లేవు. లెక్క చెప్పిన జబ్బు, కంటికి కనిపించిన జబ్బు ఒకటే కావడం మాకు పెద్ద భరోసా ఇచ్చింది.

కోర్‌లో విడిపోయిన పొరలు

పగుళ్లు బాగా ఉన్న ముక్కల్లో తీసిన కోర్లు కొన్ని బీసీకి, డీబీఎంకు మధ్య రెండుగా విడిపోయి చేతికొచ్చాయి. విడిపోయిన ముఖం మీద సన్నటి బూడిద రంగు దుమ్ము ఉంది, ట్యాక్ కోట్ (పొరలను అతికించే పలుచని బిటుమిన్ పూత) నలుపు కనిపించలేదు. డీబీఎం వేశాక లారీలను వదిలి, దుమ్ము సరిగా ఊడవకుండా పైన బీసీ పరిచి ఉంటారు.

పొరల సిద్ధాంతంలో మనం మామూలుగా వేసే రన్‌లో పొరలన్నీ పూర్తిగా అతుక్కుని ఉన్నాయన్నదే ఊహ. రెండు చెక్క పలకలను జిగురుతో అతికించి వంచడానికీ, ఊరికే ఒకదాని మీద ఒకటి పెట్టి వంచడానికీ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే తేడా. వంగుడు బిగువు మందం ఘనం మీద ఆధారపడుతుంది. 120 మి.మీ. ఒకే ముద్దగా ఉంటే 120 ఘనం. 80, 40గా విడిపోతే రెండు ఘనాలూ కలిపినా అందులో మూడో వంతే. లీటర్ల లెక్కన చూస్తే కొద్దిపాటిదే అయిన ట్యాక్ కోట్ మీద అంత బిగువు ఆధారపడి ఉంది. అందుకే కొత్త స్పెసిఫికేషన్‌లో కంప్రెసర్‌తో దుమ్ము ఊదడం, ట్యాక్ కోట్ ఆరాకే పేవర్ (తారు పరిచే యంత్రం) నడపడం, కోర్ విడిపోతే ఆ ముక్క తిరిగి వేయడం అనే షరతులు పెట్టించాం.

కొత్త సెక్షన్

సిమెంట్‌తో గట్టిపరిచిన బేస్ గురించి కొంత ఆలోచించి వదిలేశాం. లారీలను మళ్లించడానికి వేరే దారి లేదు, క్యూరింగ్ అయ్యేదాకా లేన్ మూయలేం.

పాత 120 మి.మీ. తారు మొత్తం మిల్లింగ్ చేసి తీసేసి, కంకరను ఉన్నచోటే ఉంచి, పైన వీజీ 40తో కొత్త తారు పొర వేయడమే మా నిర్ణయం. వీజీ 40 మిశ్రమానికి 35 డిగ్రీల దగ్గర 3000 ఎంపీఏ. అడుగు డీబీఎంను బిటుమిన్ కాస్త ఎక్కువగా, గాలి ఖాళీలు 3.5 శాతం, బిటుమిన్ ఘనపరిమాణం 11.5 శాతం వచ్చేలా డిజైన్ చేశాం. ఈ ఒక్క మార్పుతో ఐఆర్‌సీ పగుళ్ల సూత్రంలో మిశ్రమం కూర్పును లెక్కలోకి తెచ్చే సి విలువ 1.62 నుంచి 2.35కు పెరుగుతుంది. సాగే ఒత్తిడి ఎక్కువగా ఉండేది అడుగునే కాబట్టి బిటుమిన్ ఖర్చు పెట్టాల్సిందీ అక్కడే.

23 ఎంఎస్‌ఏకు 90 శాతంతో అనుమతించే స్ట్రెయిన్ 217. కంకర పూర్తిగా 450 ఉందనుకుంటే 150 మి.మీ. తారుతో 208 వస్తుంది. బురద పట్టిన చోట 380 అనుకుంటే 212. రెండూ పాసే. కానీ మేం 160కి వెళ్లాం: 40 బీసీ, 60 చొప్పున రెండు డీబీఎం పొరలు. 380 కంకర మీద కూడా స్ట్రెయిన్ 195కు దిగుతుంది. ఆయుష్షు 25 నుంచి 35 ఎంఎస్‌ఏకు చేరుతుంది. పది మిల్లీమీటర్లకు పది ఎంఎస్‌ఏ. పేవర్ పనిలో మందం ఐదారు మి.మీ. అటూ ఇటూ అవుతుందని రోడ్డు మీద పనిచేసే ఎవరికైనా తెలుసు. అంచు మీద పాసైన డిజైన్‌ను ఆ తేడా ఇట్టే ఫెయిల్ చేస్తుంది. ఖాళీ లేన్‌కు ఇంత మందం అక్కర్లేదు కదా అని డిపార్ట్‌మెంట్‌లో అడిగారు. గని గేటు, సైడింగ్ (బొగ్గును రైలుకు ఎక్కించే చోటు) మారితే నిండు లేన్ కూడా మారుతుంది. అందుకే రెండింటికీ ఒకటే ఇచ్చాం.

సిద్ధాంతానికి అందనిది

ఇక రెండో జబ్బు, అంచుల పగుళ్లు. ఐఐటీపేవ్‌లో ఎన్ని రన్లు వేసినా అవి కనిపించవు. రేగడి ఉబ్బడం, కుంగడం లారీ బరువుతో వచ్చేది కాదు, తేమతో వచ్చేది. రోడ్డు మధ్యలో కింద తేమ పెద్దగా మారదు. అంచుల్లో వానకు నానుతుంది, ఎండకు ఎండుతుంది. అందుకే నెర్రె అంచున మొదలై తారులోంచి పైకి వస్తుంది. ఎంత మందం తారు వేసినా ఇది ఆగదు. మందం పెంచితే చాలు అన్నీ సర్దుకుంటాయనే ధోరణి ఈ నేలల్లో డబ్బు వృథా చేయిస్తోంది. ఆ డబ్బు నీళ్ల దారికి పెట్టాలి.

కొత్తగా వేసే రోడ్డైతే రేగడి మీద 0.6 నుంచి 1 మీటరు వరకు ఉబ్బని బంకమట్టిని పరవమని ఐఆర్‌సీ చెబుతుంది. ఉన్న రోడ్డును అంతలోతు తవ్వే అవకాశం లేదు. కాబట్టి అంచుల దగ్గరే పని చేశాం. మట్టి షోల్డర్లను (తారు అంచు పక్కన ఉండే పట్టీలను) తీసి ఉబ్బని మొరంతో కట్టి, పైన నీళ్లు దిగకుండా సీల్ చేశాం. జీఎస్‌బీని షోల్డర్ కింది నుంచి పక్క వాలు దాకా పొడిగించి, లోపలి నీరు బయటికి పోయే దారి ఇచ్చాం. పాత రోడ్డులో జీఎస్‌బీ తారు అంచుతోనే ఆగిపోయింది. దానికి అవతల మట్టి షోల్డర్ గోడలా నిలిచి నీటిని లోపలే ఆపింది. కంకరలోకి బురద ఎక్కడానికి సగం కారణం అదే. పక్క కాలువలను రోడ్డు అంచు నుంచి దూరం జరిపాం.

పని అయ్యాక వానాకాలం గడిచిన తర్వాత మళ్లీ ఎఫ్‌డబ్ల్యూడీ నడిపాం. తారు మాడ్యులస్‌లో రెండు లేన్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కోర్లు విడిపోలేదు. ఒక కల్వర్టు దగ్గర మాత్రం అంచున సన్నటి పగులు మళ్లీ కనిపించింది. కల్వర్టు అడుగు పక్క కాలువ కన్నా ఎత్తులో ఉండిపోవడంతో అక్కడ నీరు నిలుస్తోంది. ఆ లెవెల్ సరిచేయాలని, నిండు దిక్కులో ఏటా ఒకసారి యాక్సిల్ సర్వే చేసి వీడీఎఫ్ 6.5 దాటితే మిగిలిన ఆయుష్షు మళ్లీ లెక్క కట్టాలని మెయింటెనెన్స్ షెడ్యూల్‌లో రాసి ఇచ్చాం.